మూడు గంటలకు ఆగిన స్క్రిప్టు

అంతోనమ్మ అరకులోయ చేరేసరికి గురువారం ఉదయం పదీ ఇరవై అయింది. కొండగోగు సంస్థ ఆఫీసు ముందు పోలీసు జీపు అప్పటికే ఆగి ఉంది. కొత్త జీపు. బానెట్ మీద గ్లాసు పెట్టుకుని టీ తాగుతున్న మనిషిని చూడగానే ఆమె అడుగు ఒక్క క్షణం ఆగింది.

ఇన్‌స్పెక్టర్ సర్వేశ్వరరావు. పద్నాలుగేళ్ళ కిందట ఇద్దరూ పోలీసు వైర్‌లెస్‌లో ఒకే రోజు చేరారు. ట్రైనింగ్‌లో ఆమె ఫస్టు, అతను సెకండు. విశాఖలో సైబర్ విభాగం పెట్టినప్పుడు మాత్రం ఆ సీటు అతనికి వెళ్ళింది. ఆ నెలాఖరుకే ఆమె ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. నాలుగేళ్ళు గడిచాయి. అయినా అతని భుజం మీద నక్షత్రాలు కనిపిస్తే ఆమెకు గుండెలో ముల్లు కదిలినట్టుంటుంది. ఇవాళా కదిలింది.

“ఆలస్యం చేశావు అంతోనమ్మా,” అన్నాడు అతను. “కేసు నిన్ననే తేలిపోయింది. ఆ అమ్మాయిని మధ్యాహ్నం కోర్టుకి తీసుకెళ్తున్నాను.”

“ఒప్పుకుందా?”

“ఆమె ఒప్పుకోవడం దేనికి? ఇక్కడి కంప్యూటర్ల సెక్యూరిటీ బాక్సు చెప్పింది చాలు.”

“జాయ్ మేడమ్‌కి చాలలేదట. అందుకే నన్ను పిలిచారు.”

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. “పిలిస్తే వచ్చావా, నేనున్నానని తెలిసి వచ్చావా?”

ఆమె లోపలికి నడిచింది. అతను అడిగింది పూర్తిగా అబద్ధం కాదని ఆమెకు తెలుసు. అదే ఎక్కువ మండింది.

సంస్థ డైరెక్టర్ జాయ్ యాభై దాటిన మనిషి. రెండు రోజులుగా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. జరిగింది తక్కువ మాటల్లో చెప్పింది. మోసగాళ్ళ నుంచీ కొట్టే మొగుళ్ళ నుంచీ తప్పించుకొచ్చిన ఆడవాళ్ళను కొండగోగు సంస్థ ఏజెన్సీలో అక్కడక్కడా ఇళ్ళలో దాచి ఉంచుతుంది. ఎవరు ఎక్కడున్నారో చెప్పే జాబితా ఆఫీసు కంప్యూటర్లో ఒక్కచోటే ఉంటుంది. పని ఇప్పిస్తానని ఆడపిల్లలను తీసుకెళ్ళి అమ్మేసిన వరహాలు అనే బ్రోకరు మీద కేసు నడుస్తోంది. అందులో అసలు సాక్షి యర్రమ్మ. వచ్చే సోమవారం ఆమె కోర్టులో సాక్ష్యం చెప్పాలి. మంగళవారం సాయంత్రం ఆరున్నరకు పెదబయలులో ఆమెను దాచిన ఇంటికి ఇద్దరు మగాళ్ళు కత్తులతో వచ్చారు. యర్రమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. రెండు వేళ్ళు పోయాయి. ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు గనక ప్రాణం దక్కింది.

“అదే రోజు మధ్యాహ్నం రెండూ యాభైకి మాధవి పేరుతో ఎవరో బయట్నించి లాగిన్ అయి ఆ జాబితా తెరిచారని రిపోర్టులో ఉంది,” అంది జాయ్. “మాధవి మా దగ్గర ఏడాదిగా పని చేస్తోంది. కంప్యూటర్ డిప్లొమా చేసింది. ఆ పిల్ల ఈ పని చేసిందంటే నేను నమ్మలేను.”

“రిపోర్టు ఇచ్చిందెవరు?”

“రవిబాబు. ఆరేళ్ళుగా కంప్యూటర్లన్నీ అతనే చూస్తున్నాడు.”

“ముందు ఆ బాక్సు చూస్తాను.”

సర్వేశ్వరరావు కూడా వెనకే వచ్చాడు.

బాక్సు గది మెట్ల కింద ఉంది. ఒక మనిషి నిలబడితే ఇంకో మనిషి పక్కకి తిరగాలి. రవిబాబు తాళం తీశాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు.

“తాళాలు ఎన్ని?”

“రెండండి. నాకాడొకటి, మేడమ్ కాడొకటి. మంగళవారం మేడమ్ వైజాగ్‌లో ఉన్నారు, ఆ తాళం ఆరి బేగులోనే ఉంది.”

ఇనప స్టాండు మీద సెక్యూరిటీ బాక్సు, దాని కింద ఆఫీసు కంప్యూటర్ల కేబుళ్ళన్నీ కలిసే పన్నెండు రంధ్రాల స్విచ్చి. అందులో ఐదింటికి కేబుళ్ళు ఉన్నాయి. అంతోనమ్మ టార్చి వేసి మిగతా ఏడు ఖాళీ రంధ్రాలు ఒక్కొక్కటే చూసింది. ఆరింట్లో బూజు, దుమ్ము పేరుకుని ఉన్నాయి. ఎనిమిదో రంధ్రం మాత్రం శుభ్రంగా ఉంది.

“ఇందులో ఏం పెట్టారు?”

“ఏటీ పెట్టలేదండి. వచ్చినకాడ్నుంచీ ఖాళీయే.”

ఆమె టార్చి ఆర్పేసింది. “ఈ బాక్సు ఏం చేస్తుందో చెప్పు.”

“గేటు కాడ వాచ్‌మన్ అనుకోండి. బయట్నించి ఎవులొచ్చినా రాసుకుంటాది. నాను రాసిన చిన్న ప్రోగ్రాము, స్క్రిప్టంటారు, గంటగంటకీ దాన్ని అడుగుతాది, ఈ గంటలో ఎవులొచ్చారని. మనిషి మీట నొక్కక్కర్లేదు. ప్రోగ్రాములు మాటాడుకోడానికి బాక్సుకి వేరే దారుంది, ఏపీఐ అంటారు. అది చెప్పింది రిపోర్టులో పడిపోతాది.”

“బాక్సులోనే ఆ రోజు లెక్క చూడొచ్చుగా?”

“మంగళవారం సాయంత్రం రీస్టార్ట్ చేసానండి, అప్‌డేట్ కోసం. చేస్తే పాత రికార్డు పోతాది.”

“సాయంత్రం ఎన్నింటికి?”

“ఐదున్నరకి.”

“మాధవి ఎలాంటి మనిషి?”

రవిబాబు బాక్సు మీద లేని దుమ్మును బొటనవేలితో తుడిచాడు. “ఆ గుంటా? తెలివైందేనండి. మేడమ్‌కి ఆవిడగారంటే పేణం. వచ్చే నెల హైదరాబాద్ ట్రైనింగ్ కూడా ఆవిడగారికే. మనకేటి తెలుస్తాది.”

అంతోనమ్మ అతని వైపు నిదానంగా చూసింది. ఐదు ప్రశ్నలకు ఐదు సూటి జవాబులు చెప్పిన మనిషి, ఆరోదానికి వంకరపోయాడు. పైగా మాధవి పేరు నోట రానివ్వలేదు. ఆ లక్షణం ఆమెకు బాగా తెలుసు. ఈ నాలుగేళ్ళలో సర్వేశ్వరరావు సంగతి ఎవరెత్తినా ఆమె ‘ఆయన’ అనేది. పేరు పలికితే ఎక్కడ గొంతు మారుతుందో అని.

*

మాధవిని డైరెక్టర్ గదిలో ఒక లేడీ కానిస్టేబుల్ పక్కన కూర్చోబెట్టారు. ఇరవై మూడేళ్ళ పిల్ల. పెదబయలు పైన కొండ మీద వాళ్ళ నాన్న కాఫీ, మిరియాలు పండిస్తాడు. ఏడ్చి ఏడ్చి ఆరిన మొహం.

“మంగళవారం ఎక్కడున్నావు?”

“మా ఊర్లో అమ్మా. మా అమ్మకి జొరం. సోమవారం ఎల్లాను, బుధవారం పొద్దున్న ఆఫీసుకొస్తే పట్టుకున్నారు. మా ఊర్లో ఫోను సిగ్నలే ఉండదు, నానెలాగ లాగిన్ అవుతాను?”

“ఊళ్ళోనే ఉన్నావని సాక్ష్యం?”

“మా ఊరోళ్ళు సెప్పారు. మీ ఊరోళ్ళు మీ మాటే సెప్తారని సారు అన్నారు.”

సర్వేశ్వరరావు గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. ఆమె అతని వైపు చూడలేదు.

“రిపోర్టులో నీ పేరు ఎలా వచ్చిందంటావు?”

“ఆ రిపోర్టు నాను నమ్మనమ్మా. ఇయాల కాదు, మొదట్నించీ నమ్మను. అందుకే నానింకో స్క్రిప్టు రాసాను.”

అంతోనమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుంది. “రెండో స్క్రిప్టు ఉందా?”

“ఉంది. అది పనికిరాదు, ఊరికే ఆగిపోతాదని రవిబాబు సారు మేడమ్‌కి సెప్పారంట.”

“రెండింటికీ తేడా ఏంటి?”

మాధవి తల పైకెత్తింది. పని సంగతి వచ్చేసరికి ఆ గొంతులో వణుకు తగ్గింది. “బాక్సుని పిలిచినప్పుడు అది నేనే ఫలానా అని ఒక సర్టిఫికెట్ చూపిస్తాది. దాని మీద ముద్ర బయట పెద్ద కంపెనీలు ఏసింది కాదు, మన ఆఫీసే ఏసుకుంది. మన ముద్ర బయట ఏ కంప్యూటరుకీ తెలీదు. అందుకే ఏ ప్రోగ్రాము రాసినా మొదట అడ్డం పడతాది, ఇతనెవరో నాకు తెలీదు, మాటాడనని. రవిబాబు సారు ఆ గొడవెందుకని, సర్టిఫికెట్ సూడొద్దు, ఎవులు పలికినా నమ్మీ అని ఒక లైను రాసీసారు.”

“నువ్వు?”

“మన ఆఫీసు ముద్ర నకలుంది కదా, రూట్ సర్టిఫికెట్టని. అది నా స్క్రిప్టుకి ఇచ్చాను. ఈ ముద్ర ఉంటేనే మాటాడు, లేకపోతే ఆగిపో, ఏటైందో గంటగంటకీ మేడమ్‌కి మెయిలు పెట్టు అని రాసాను.”

అంతోనమ్మకి వైర్‌లెస్ రోజులు గుర్తుకొచ్చాయి. సెట్‌లో కాల్‌సైన్, అంటే స్టేషను పిలుపు పేరు, ఎవడైనా పలకగలడు. దానికి బదులు చెప్పాల్సిన మాట తెలిస్తేనే మనవాడు. ఈ సంగతి అర్థం కావడానికి అప్పట్లో ఆమెకు ఏడాది పట్టింది. ఈ పిల్ల ఎవరూ చెప్పకుండానే పట్టుకుంది. మెచ్చుకోలుతో పాటు సన్నగా ఇంకేదో కూడా మనసులో మెదిలింది. ఆ ఇంకేదో ఏమిటో ఆమెకు తెలుసు. రవిబాబు మనసు చదవడం ఆమెకు తేలికైంది కూడా అందుకే.

“మంగళవారం మెయిళ్ళు చూశావా?”

“సూడనిచ్చారా అమ్మా? అవన్నీ మేడమ్ మెయిల్లోనే ఉంటాయి.”

జాయ్ కంప్యూటర్ తెరిచింది. గంటకో మెయిలు వస్తోందని చిరాకుపడి ఆమె వాటన్నిటినీ వేరే ఫోల్డర్లోకి పడేలా పెట్టుకుంది. అంతోనమ్మ వెనక నిలబడి వేలితో చూపిస్తూ చదివింది.

మధ్యాహ్నం రెండు గంటలకు: ముద్ర సరిపోయింది, రిపోర్టు తీసుకున్నాను. మూడు గంటలకు: ముద్ర మనది కాదు, ఆగిపోయాను. నాలుగు గంటలకు: ముద్ర మనది కాదు, ఆగిపోయాను. ఐదు గంటలకు: ముద్ర సరిపోయింది, రిపోర్టు తీసుకున్నాను.

“ఈ మెయిళ్ళు నువ్వు నిన్న చూశావా?” అంతోనమ్మ సర్వేశ్వరరావును అడిగింది.

“చూశాను. స్క్రిప్టు చెడిపోయింది.”

“చెడిపోయిన స్క్రిప్టు ఐదింటికి దానంతట అదే బాగుపడిందా?”

“ఆ అమ్మాయి రాసిన స్క్రిప్టు ఆ అమ్మాయికి అనుకూలంగా చెప్పక ఏం చెప్తుంది?”

“ఆగిపోయానన్న మొదటి మెయిలు మేడమ్‌కి చేరింది మంగళవారం మూడూ ఒక నిమిషానికి. దాడి జరిగింది ఆరున్నరకి. అప్పటికి కేసు లేదు, నేరం లేదు, మాధవి మీద అనుమానం లేదు. ఎవరికి అనుకూలంగా చెప్పింది?”

అతను తెర మీదికి వంగి ఆ టైము మళ్ళీ చూశాడు.

“మూడింటికి బాక్సు స్థానంలో ఇంకేదో కూర్చుని ఉంది. మాధవి స్క్రిప్టు ముద్ర అడిగింది, కాదని తెలుసుకుని ఆగింది. రవిబాబు స్క్రిప్టు ఏదీ అడగలేదు. ఆ దొంగ బాక్సు ఏం చెప్తే అది రాసుకుంది. రెండూ యాభైకి మాధవి లాగిన్ అయిందని ఒకే ఒక్క రిపోర్టు చెప్పింది, మూడింటిది. దాన్ని పట్టుకుని నువ్వు ఆడపిల్లని రెండు రోజులు కూర్చోబెట్టావు.”

“నువ్వెప్పుడూ ఇంతే,” అన్నాడు సర్వేశ్వరరావు. గొంతు పెరగలేదు గానీ మొహం ఎర్రబడింది. “నలుగురిలో నా తప్పు పట్టుకోవడం నీకు ట్రైనింగ్ నుంచీ సరదా. నీ ఫస్టు మార్కు గురించి మన సారు పదేళ్ళు నా ముందు చెప్పాడు, తెలుసా? సీటు నాకొచ్చిన రోజు కూడా నీ పేరే ఎత్తాడు.”

ఇన్నేళ్ళుగా అసూయ తన ఒక్కదానికే ఉందనుకుంది అంతోనమ్మ. అతని మొహంలో అదే ముల్లు చూసి ఆమెకు సంతోషం కలగాలి. కలగలేదు. కానిస్టేబుల్ పక్కన ముడుచుకుని కూర్చున్న పిల్ల కనిపించింది.

“మన సంగతి తర్వాత,” అంది. “రవిబాబుని పిలిపించు.”

*

రవిబాబు వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“ఆ గది తాళం మంగళవారం నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు,” అంది అంతోనమ్మ. “ఎనిమిదో రంధ్రంలో ఈ మధ్యే కేబుల్ పెట్టి తీశారు. దొంగ బాక్సు మూడింటికి ఉంది, నాలుగింటికి ఉంది, ఐదింటికి లేదు. ఐదున్నరకి నువ్వు బాక్సు రీస్టార్ట్ చేసి రికార్డు పోగొట్టావు. నేను చెప్పినదాంట్లో తప్పేదైనా ఉంటే చెప్పు.”

“నానేటి సేసానండి...”

“మాధవి పేరు పలుకు.”

“ఏటండి?”

“ఆ గుంట అనకుండా, ఆవిడగారు అనకుండా, ఒక్కసారి పేరు పెట్టి పిలువు. ఎదురుగానే ఉంది.”

రవిబాబు మాధవి వైపు చూశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. ఉన్నట్టుండి గోడ వారనే కింద కూలబడ్డాడు.

“ఘాట్ రోడ్డులో జీపు కుదుపుకి పాడైపోద్దని ఆ బాక్సుని కిరండోల్ రైల్లో ఒళ్ళో పెట్టుకొని తెచ్చానండి నాను,” అన్నాడు. “వైజాగ్ నుంచి అరకు దాకా కాలు కదపలేదు. ఆరేళ్ళు. ఒక్కపాలి ఎవులైనా బాగా సేసావురా అన్నారా? ఈవిడొచ్చి ఏడాది అవలేదు, మీటింగుల్లో ఈవిడ పేరే. నా స్క్రిప్టుకి తప్పు పట్టింది, అందరి ముందర. మేడమ్ నవ్వారు. ట్రైనింగు ఈవిడకే. రేపొద్దున్న బాక్సూ ఈవిడకే ఇచ్చెత్తారు. నాకు అన్నం దిగలేదండి. మా ఆవిడ అడుగుతాది, ఏటైందని. ఏటని సెప్పను?”

జాయ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“దొంగ బాక్సు ఎవరిచ్చారు?” అడిగింది అంతోనమ్మ.

“జనవరిలో ఒకడు పరిచయమయ్యాడు, ఫల్గుణ అని. కంప్యూటర్లు సర్వీసింగ్ సేస్తానన్నాడు. టీ కొట్టు కాడ రోజూ కూకునేవోడు. నా బాధంతా విన్నాడు. ఒక లాప్‌టాపు ఇత్తాను, రెండు గంటలు బాక్సు జాగాలో పెట్టు, ఒక్క రిపోర్టులో ఆవిడ పేరొస్తాది, ఆవిడ పని అయిపోతాది అన్నాడు. నాను ట్రైనింగు ఆగిపోతే సాలనుకున్నాను. ఆడు వరహాలు మనిషని, యర్రమ్మని నరుకుతారని నాకు తెలీదండి. మా పిల్లల మీద ఒట్టు.”

“ఆ లాప్‌టాపు ఏది?”

“నాలుగున్నరకే వచ్చి పట్టుకుపోయాడు. మళ్ళీ కనపడలేదు.”

“నీ స్క్రిప్టు ఆ లాప్‌టాప్‌ని పిలిచినప్పుడు మొట్టమొదట ఏం చెప్తుంది?”

సమాధానం మాధవి చెప్పింది, మెల్లిగా.

“కీ సెప్తాది అమ్మా. నేను ఆఫీసు మనిషినే అని నిరూపించుకునే కీ. నా స్క్రిప్టయితే అవతల ముద్ర సూసాకే కీ ఇస్తాది. సారు స్క్రిప్టు నేరుగా ఇచ్చీసుంటాది.”

“ఆ కీతో ఏం చేయొచ్చు?”

“బాక్సుకి ఏ పనైనా సెప్పొచ్చు. బయట్నించి లోనికి కొత్త దారి తెరవొచ్చు.”

“రవిబాబూ, ఆ కీ మార్చావా?”

అతను తల అడ్డంగా ఊపాడు.

సర్వేశ్వరరావు గోడ నుంచి కదిలాడు. కానిస్టేబుల్‌తో, “ఆ అమ్మాయిని కంప్యూటర్ ముందు కూర్చోనివ్వు,” అన్నాడు. మాధవి కూర్చుని తన స్క్రిప్టు నడిపింది. ముద్ర సరిపోయింది అని తెర మీద వచ్చింది. అసలు బాక్సే. ఇప్పుడు తెరిచి ఉన్న దారులన్నీ చెప్పమని అడిగింది. ఐదు దారులు వరుసగా వచ్చాయి. నాలుగు పాతవి. ఐదోది మంగళవారం మధ్యాహ్నం మూడూ నాలుగు నిమిషాలకు తెరిచారు, రవిబాబు స్క్రిప్టు కీతో. బాక్సు రీస్టార్ట్ చేస్తే రికార్డు పోయింది గానీ తెరిచిన దారి పోలేదు. అది నేరుగా జాబితా ఉన్న కంప్యూటర్లోకి వెళ్తోంది.

“ఆఖరుసారి ఎప్పుడు వాడారు?” అడిగాడు సర్వేశ్వరరావు.

మాధవి ఇంకో లైను కొట్టింది. “ఇయాల పొద్దున్న. తొమ్మిదీ నలభై రెండుకి.”

సర్వేశ్వరరావు చేతులు కిందికి జారాయి.

“యర్రమ్మని ఇప్పుడు ఎక్కడ పెట్టావు?” అంతోనమ్మ అడిగింది.

“సీతంపేటలో. కాన్వెంటు సిస్టర్ల ఇంట్లో.” అతను సెల్‌ఫోన్ కోసం జేబు తడుముకున్నాడు. “ఆసుపత్రి నుంచి నిన్న రాత్రి మార్చాం. ఆ వివరం నేనే... ఈ జాబితాలోనే ఎక్కించాను. పొద్దున్న తొమ్మిదిన్నరకి. బందోబస్తు నా పేరు మీదే అని కూడా రాశాను.”

గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. దారి మూసి కీ మార్చేయమని అంతోనమ్మ మాధవికి చెప్పింది. సర్వేశ్వరరావు సెల్‌ఫోన్ తీసి సీతంపేట స్టేషనుకి చేశాడు. లైను ఎంగేజ్. మళ్ళీ చేశాడు. అరకు నుంచి సీతంపేటకి ఎంత తోలినా నాలుగైదు గంటల పైనే.

జాయ్ టేబుల్ మీది ల్యాండ్‌లైన్ నుంచి సిస్టర్ల ఇంటి నంబరు కొట్టి రిసీవర్ అంతోనమ్మకి ఇచ్చింది. ఆరు రింగుల తర్వాత ఎవరో ఎత్తారు.

“సిస్టర్ బేబి మాటాడతన్నాను, ఎవులండీ?”

“అరకు నుంచి సిస్టర్, కొండగోగు సంస్థ నుంచి. యర్రమ్మ ఎలా ఉంది?”

“బాగుందమ్మా. బట్టలు సర్దుకుంటంది. వేరే చోటికి మారుస్తామని జీపు వచ్చీసింది గదా.”

అంతోనమ్మ సర్వేశ్వరరావు వైపు చూసింది. “నువ్వు జీపు పంపావా?”

“లేదు.”

ఆమె రిసీవర్‌ని చెవికి అదిమింది. “సిస్టర్, నే చెప్పేది వినండి. మొహంలో ఏమీ కనిపించనివ్వకండి. యర్రమ్మని లోపలి గదిలోకి పంపి గడియ వేయించండి. వచ్చినవాళ్ళు ఎంతమంది?”

“ముగ్గురు.” సిస్టర్ గొంతు తగ్గింది. “ఇద్దరు జీపు కాడున్నారు. పెద్దాయన నా ఎదురుగానే కూకున్నారమ్మా. యూనిఫారంలో ఉన్నారు. కాఫీ ఇచ్చాను. కాయితం కూడా సూపించారు.”

“కాగితం మీద పేరేమని ఉంది?”

అవతల కాగితం విప్పిన చప్పుడు. సెల్‌ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని సర్వేశ్వరరావు ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

“ఇన్‌స్పెక్టర్ సర్వేశ్వరరావు గారని ఉందమ్మా,” అంది సిస్టర్ బేబి. “ఉండండి, సారు ఫోను ఇమ్మంటన్నారు. మీతోనే మాటాడతారంట.”